బాయమ్మ కొడుకు: 1614లో వేలూరు కోటలో ఏం జరిగింది, ఎందుకు జరిగింది

విజయనగరం కథ 1565లో తళ్లికోట యుద్ధంతో ముగిసిపోయిందని చాలామంది అనుకుంటారు. ముగియలేదు. అరవీటి వంశపు రాజులు పెనుగొండకు, అక్కణ్ణుంచి చంద్రగిరికి, ఆ తర్వాత వేలూరుకు రాజధాని మార్చుకుంటూ ఇంకా చాలా ఏళ్లు రాజ్యాన్ని నిలుపుకొచ్చారు. వాళ్లలో గట్టివాడు వేంకటపతిరాయలు. 1586 నుంచి 1614 దాకా ఏలాడు. పెనుగొండ మీదికి వచ్చిన గోల్కొండ సైన్యాన్ని వెనక్కి పంపాడు, ఎదురుతిరిగిన నాయకులను ఒక్కొక్కరినీ దారికి తెచ్చాడు. అంతటి రాజు కన్నుమూసిన కొద్ది నెలలకే, ఆయన ఎంచుకున్న వారసుడు భార్యాపిల్లలతో సహా కోటలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. రాజ్యంలోని నాయకులందరూ రెండు పక్షాలుగా చీలి కావేరి దగ్గర తలపడ్డారు. ఆ దెబ్బ నుంచి రాజ్యం మళ్లీ తేరుకోలేదు.

దీన్ని చరిత్ర పుస్తకాలు ‘వారసత్వ తగాదా’ అనే ఒక్క మాటతో దాటేస్తాయి. ఆ మాట నాకు ఎప్పుడూ సరిపోలేదు. ఇక్కడ ఒక రాణి కోరిక ఉంది, ఆమె మీద ముసలి రాజుకున్న ప్రేమ ఉంది, పుట్టింటివాళ్ల బలం ఉంది, కొత్త రాజు తొందరపాటు ఉంది. ఇవన్నీ ఒకదానికొకటి ఎలా అంటుకున్నాయో చూస్తే తప్ప ఆ చావులు అర్థం కావు.

కథలో ఎక్కువ భాగం మనకు మాన్యుయెల్ బర్రాదాస్ అనే జెసూట్ మతగురువు రాసిన ఉత్తరం వల్ల తెలిసింది. దాని మీద తేదీ 1616 డిసెంబరు 12. అంటే సంఘటనలు జరిగిన రెండేళ్లకే, యుద్ధం ఇంకా తేలకముందే రాసింది.

బర్రాదాస్ చెప్పేది ఇదీ. వేంకటపతిరాయల రాణుల్లో బాయమ్మ ఒకరు. గొబ్బూరివారి ఆడపడుచు. పిల్లల కోసం చేయని ప్రయత్నం లేదు, కడుపు పండలేదు. ఆమె పుట్టింట్లో ఉండే ఒక బ్రాహ్మణ స్త్రీ రాణి బాధ చూసి ఒక ఉపాయం చెప్పింది: ‘నాకిప్పుడు నెల తప్పింది, నువ్వూ గర్భవతినని రాజుకు చెప్పు, ఊరంతా చాటించు, నాకు బిడ్డ పుట్టగానే గుట్టుగా అంతఃపురానికి పంపిస్తాను.’ రాణి అలాగే చేసింది. మగబిడ్డ పుట్టాడు. బాయమ్మకు కొడుకు పుట్టాడని రాజ్యమంతా చెప్పుకున్నారు.

రాజుకు ఈ సంగతి తెలుసు. ఈ కథకు ఇదే కీలకం. తెలిసీ, రాణి మీద ప్రేమ కొద్దీ, ఏమీ ఎరగనట్టు ఉండిపోయాడంటాడు బర్రాదాస్. వేడుకలు చేయించాడు. వారసుడికి మాత్రమే పెట్టే ‘చిక్కరాయ’ అనే పేరు ఆ బిడ్డకు పెట్టాడు. కానీ కొడుకుగా ఎన్నడూ దగ్గరికి తీయలేదు. చంద్రగిరి నగరులోనే, అంటే రాజభవనంలోనే ఉంచాడు, రాణి వెంట ఉంటే తప్ప గడప దాటనివ్వలేదు. పిల్లవాడికి పద్నాలుగేళ్లు వచ్చాక తన మేనకోడలి వరస పిల్లనిచ్చి పెళ్లి కూడా చేశాడు. బావమరిది ఓబరాజును తృప్తి పరచడానికే ఆ పెళ్లి చేశాడని ఉత్తరంలో ఉంది.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. రాజు మౌనానికి ప్రేమే కారణమని ముందు చెప్పిన మనిషి, పెళ్లి దగ్గరికి వచ్చేసరికి బావమరిది పేరెత్తాడు. నాకు ఈ రెండూ నిజమే అనిపిస్తాయి. బాయమ్మ మీద ఆయనకు నిజంగానే మమకారం ఉండవచ్చు. కానీ గొబ్బూరివాళ్లు మామూలు అత్తింటివాళ్లు కారు. ఆ కుటుంబంలో ముఖ్యుడు, తర్వాత వేలూరు చావులకు కారకుడైన జగ్గరాయడి ఆదాయం ఏడాదికి 6,00,000 క్రూజాదోలనీ, 20,000 మంది సైన్యాన్ని దించగలడనీ బర్రాదాస్ లెక్క. క్రూజాదో అప్పటి పోర్చుగీసు నాణెం. అలాంటి ఇంటి ఆడపిల్లను నలుగురిలో నిలబెట్టి ‘ఈ బిడ్డ నీ బిడ్డ కాదు’ అనడమంటే, ఆ 20,000 మందినీ శత్రువుల వైపు తోసేయడమే. ప్రేమ మాట్లాడనివ్వలేదు, భయం కూడా మాట్లాడనివ్వలేదు. రెండూ ఒకే వైపు లాగినప్పుడు ఏ మనిషైనా నిజాన్ని రేపటికి వాయిదా వేస్తాడు. వేంకటపతి ఆ వాయిదాను పద్నాలుగేళ్లకు పైగా వేస్తూ పోయాడు.

అసలు ఈ దొంగ గర్భం కథను నమ్మొచ్చా అనే ప్రశ్న న్యాయమైనదే. బర్రాదాస్ రాసే నాటికి జగ్గరాయడు అందరి నోళ్లలో హంతకుడు. అతని మేనల్లుడు నకిలీ వారసుడని చెప్పుకోవడం ఎదుటి పక్షానికి కావలసిన కథ. పైగా ఉత్తరంలో ఒక తికమక కూడా ఉంది. ఒకచోట బాయమ్మ జగ్గరాయడి కూతురంటాడు, ఇంకోచోట ఆ కుర్రాడు జగ్గరాయడి మేనల్లుడంటాడు. రెండూ ఒకేసారి నిజం కావు. చుట్టరికమే సరిగా పట్టుకోని మనిషి అంతఃపుర రహస్యాన్ని అంత కచ్చితంగా ఎలా చెప్పగలడు? అయినా నేను ఆ కథ వైపే మొగ్గుతాను. కారణం బర్రాదాస్ మాట కాదు, రాజు చేసిన పని. 67 ఏళ్ల వయసులో, చావు కళ్ల ముందు కనిపిస్తుండగా, తన పేరు మీద పెరిగిన కుర్రాణ్ణి పక్కనపెట్టి అన్న కొడుకును పిలిపించాడు. గొబ్బూరివాళ్లు ఊరుకోరని తెలిసీ పిలిపించాడు. ఆ కుర్రాడు తన రక్తమని నమ్మిన తండ్రి చేసే పని కాదది.

చనిపోవడానికి మూడు రోజుల ముందు జరిగిన ఆ ఘట్టం ఈ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించింది. పెద్ద పెద్ద నాయకులందరూ చూస్తుండగా రాజు తన అన్న కొడుకు శ్రీరంగరాయల వైపు చెయ్యి చాచాడు. వేలికి రాజముద్రిక ఉంది. తీసుకోమన్నాడు. శ్రీరంగుడు ఏడుస్తూ కాళ్ల మీద పడ్డాడు. నాకొద్దు, ఇంకెవరికైనా ఇవ్వండన్నాడు. పక్కనున్నవాళ్లు లేపి రాజుకు కుడివైపున కూర్చోబెట్టారు. మళ్లీ వద్దని చేతులు తల మీదికి ఎత్తేశాడు. ముసలాయన ఉంగరం తీసి వేలి కొసన పట్టుకుని మళ్లీ అందించాడు. నాయకులు నచ్చజెప్పగా శ్రీరంగుడు దాన్ని కళ్లనీళ్లతోనే తల మీద పెట్టుకుని, ఆ తర్వాత వేలికి తొడుక్కున్నాడు. రాజవస్త్రం, చెవి వజ్రం, ముత్యాలు, అన్నీ అతనికే ఇచ్చారు. ఆ చెవి వజ్రం ఒక్కటే 6,00,000 క్రూజాదోలకు పైన చేస్తుందట. అంటే జగ్గరాయడి ఏడాది ఆదాయమంత. వారసుణ్ణి ప్రకటించగానే కొందరు సంతోషించారు, కొందరు ముఖం మాడ్చుకున్నారు అని బర్రాదాస్ క్లుప్తంగా రాశాడు.

వేంకటపతి చేసిన పెద్ద తప్పు నా దృష్టిలో ఇక్కడే ఉంది. శ్రీరంగుణ్ణి ఎంచుకోవడం తప్పు కాదు. ఆ మాట ఎప్పుడో చెప్పకుండా చివరి మూడు రోజుల దాకా ఆగడం తప్పు. బిడ్డ పుట్టినప్పుడు వేడుక చేసింది ఆయనే, వారసుడి పేరు పెట్టింది ఆయనే, రాజకుటుంబపు పిల్లనిచ్చింది ఆయనే. ఉంగరం మాత్రం ఇవ్వలేదు. రేపు జగ్గరాయడు ‘ఈయన రాజు కొడుకు కాడా? మరి ఆ పేరు ఎవరు పెట్టారు?’ అని అడిగితే సమాధానం చెప్పగలిగిన ఏకైక మనిషి చితి మీదికి చేరాడు. నిజం తెలిసినవాడు పోయాడు, ఆయన చేతలు మాత్రం సాక్ష్యంగా మిగిలాయి. ఆ సాక్ష్యం పూర్తిగా కుట్రదారులకే పనికొచ్చింది.

ఈ పరిస్థితి ఒక్క బాయమ్మ వల్ల వచ్చింది కాదు. విజయనగరంలో సింహాసనం ఎవరిదనే ప్రశ్నకు గట్టి నియమమేదీ నిలబడలేదు. కొడుకు, తమ్ముడు, అన్న కొడుకు, ఎవరైనా కావచ్చు. ఎవరి వెనుక బలమైన నాయకులు నిలబడితే వారిదే గద్దె. ఆ నాయకులకు రాజు భూములిచ్చేవాడు, వాటి ఆదాయంతో వాళ్లు సైన్యాన్ని పోషించి, అవసరానికి రాజు వెంట నడిచేవారు. అందుకే రాజుకు ప్రతి పెళ్లీ ఒక సైనిక ఒప్పందమే. రాణితోపాటు ఆమె అన్నదమ్ముల కత్తులూ కోటలోకి వచ్చేవి. అవి రాజును కాపాడేవి కూడా, అందులో అనుమానం లేదు. కానీ రాణికి కొడుకు ఉంటేనే ఆ అన్నదమ్ములకు రేపటి మీద ధీమా. మేనల్లుడు రాజైతే రాజ్యం వాళ్ల చేతిలో ఉన్నట్టే. కాకపోతే కొత్త రాజు అత్తింటివాళ్లు వచ్చి తమ స్థానంలో కూర్చుంటారు. బాయమ్మ బిడ్డ కోసం పడిన ఆరాటంలో తల్లి కావాలనే ఆశ ఎంతో, పుట్టింటి వాళ్ల బెంగ కూడా అంతే ఉండి ఉంటుంది.

దీనికి ముందు నడిచిన దారి కూడా ఉంది. 1542లో అచ్యుతదేవరాయలు పోయాక ఆయన చిన్న కొడుకు వేంకటరాయలు రాజయ్యాడు. ఆ పిల్లవాడి మేనమామ సలకరాజు తిరుమలుడు మేనల్లుణ్ణే చంపించి తాను గద్దెనెక్కాడు. అతణ్ణి పడగొట్టింది కృష్ణదేవరాయల అల్లుడు రామరాయలు. పడగొట్టి సదాశివరాయలను పేరుకు రాజును చేసి అధికారమంతా తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. అరవీటి వంశం పైకొచ్చింది ఆ అల్లుడి వల్లే. పెళ్లిపీటల మీదుగా రాజ్యం చేతులు మారడం వేంకటపతికి పెద్దలు చెప్పిన పాత కథ కాదు, సొంత ఇంటి చరిత్ర. అంత తెలిసినవాడు గొబ్బూరివాళ్ల విషయంలో ఎందుకు ముందే జాగ్రత్తపడలేదన్నది నన్ను బాధపెట్టే ప్రశ్న.

ఇక కుట్ర సంగతి. శ్రీరంగుడు గద్దెనెక్కగానే నాయకులందరూ వచ్చి మొక్కారు, ముగ్గురు తప్ప. జగ్గరాయడు, తిమ్మానాయకుడు, మాకరాజు. బర్రాదాస్ ఇచ్చిన సంఖ్యలు కూడితే ఈ ముగ్గురి కింద 38,000 మంది సైన్యం. అయినా వాళ్లు ముగ్గురే అయితే కోటలోకి అడుగుపెట్టగలిగేవారు కారు. లోపలి తలుపులు తెరిచినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లను అటు తోసింది శ్రీరంగుడే. సైన్యాధిపతి అయిన దళవాయిని మూడు కోటలు వదిలిపెట్టమన్నాడు, తన ఇద్దరు కొడుకులకు ఇవ్వడానికి. మంత్రిని 1,00,000 క్రూజాదోలు కట్టమన్నాడు, పెదరాజు సొమ్ము కాజేశావని. నర్పరాజు అనే నాయకుణ్ణి, అతని చెల్లెలైన రాణి ఇచ్చిన నగలు తిరిగి తెమ్మన్నాడు. మూడు డిమాండ్లూ న్యాయమైనవే కావచ్చు. కానీ కాలు నిలదొక్కుకోకముందే సైన్యాన్ని నడిపేవాణ్ణి, లెక్కలు చూసేవాణ్ణి, రాజబంధువును ఒకేసారి దూరం చేసుకున్నాడు. రెండు రోజుల్లో మీ ఆజ్ఞ నెరవేరుస్తామన్నారు ముగ్గురూ. ఆ రెండు రోజుల్లో వెళ్లి జగ్గరాయడితో కలిశారు.

తర్వాత జరిగింది చూస్తే ఎంత లెక్కగా చేశారో తెలుస్తుంది. జగ్గరాయడు ‘వచ్చి మొక్కుతాను’ అని కబురు పంపాడు. మిగతా ఇద్దరూ అదే మాటన్నారు. రాజు నమ్మి రానిచ్చాడు. జగ్గరాయడు 5,000 మందితో, మిగిలిన ఇద్దరూ చెరో 2,000 మందితో లోపలికొచ్చారు. కోటకు రెండు ప్రాకారాలు. మొదటి ద్వారం దగ్గర 1,000 మందిని, రెండో ద్వారం దగ్గర 1,000 మందిని నిలిపి మరీ జగ్గరాయడు ముందుకు నడిచాడు. అవతలి వైపు రెండు ద్వారాలను దళవాయి పట్టుకున్నాడు. ద్రోహం ద్రోహం అని కేకలు లేచేసరికి రాజు నగరు తలుపులు మూయించాడు. వాటిని పగలగొట్టారు. లొంగిపోతే ప్రాణానికి హాని చేయబోమని మాకరాజు మాటిచ్చాడు. శ్రీరంగుడు భార్యాపిల్లలతో బయటికొచ్చి, తల దించుకుని, సైనికుల మధ్యలోంచి నడిచి వెళ్లాడు. ఒక్కరు కూడా చేతులెత్తి మొక్కలేదు. అదే రోజు జగ్గరాయడు మేనల్లుడికి పట్టం కట్టాడు.

ఈ మేనల్లుడి గురించి ఎవరూ పట్టించుకోరు. నకిలీ వారసుడు అనే మాటతో తీసిపారేస్తారు. కానీ అతను చేసిన తప్పేమిటి? పుట్టగానే కన్నతల్లి నుంచి వేరు చేశారు. రాజకుమారుడి పేరు పెట్టి నగరులో బందీలా పెంచారు. తండ్రి అనుకున్న మనిషి ఉంగరం ఇంకొకరికి ఇచ్చాడు. మేనమామ అనుకున్న మనిషి కత్తుల నడుమ గద్దె మీద కూర్చోబెట్టాడు. తన పుట్టుక గురించి అతనికి ఎవరైనా నిజం చెప్పారో లేదో కూడా ఉత్తరంలో లేదు. ఈ మొత్తం కథలో తన ఇష్టంతో ఒక్క పనీ చేయనివాడు అతనొక్కడే.

కుట్రకు లొంగని పెద్ద నాయకుడు వెలుగోటి యాచమనాయకుడు. తర్వాతి కాలపు వెంకటగిరి రాజులు ఈ వెలుగోటివారే. వేంకటపతి కోసం ఎన్నో యుద్ధాలు చేసిన మనిషి. తన సైన్యంతో కోట బయట ఉండిపోయి, బందీగా ఉన్న రాజకుటుంబాన్ని ఎలాగైనా తప్పించాలని చూశాడు. నగరు బట్టలు ఉతికే చాకలి సాయంతో, బట్టల మూటల్లో దాచి, శ్రీరంగుడి రెండో కొడుకును బయటికి తెప్పించాడు. పన్నెండేళ్ల ఆ పిల్లవాడే రామదేవరాయలు. పేరు కూడా నమోదు కాని ఒక చాకలి ప్రాణాలకు తెగించకపోతే వంశం అక్కడితో తెగిపోయేది. రాజును కూడా సొరంగం దారిన తప్పించబోతే అది బెడిసికొట్టింది, కాపలా ఇంకా బిగిసింది.

ఒక రాజకుమారుడు బయట ఉన్నాడంటే మేనల్లుడి గద్దెకు ఎప్పుడైనా ముప్పే. జగ్గరాయడికి టెన్షన్ పట్టుకుంది. తన తమ్ముణ్ణి శ్రీరంగుడి దగ్గరికి పంపి, నువ్వే చస్తావా, మమ్మల్ని చంపమంటావా అని అడిగించాడు. శ్రీరంగుడు తన చేతులతోనే భార్యను, పిల్లలను చంపి తానూ చనిపోయాడని బర్రాదాస్ కథనం. జగ్గరాయడే అందరినీ చంపించాడని మామూలుగా చెప్పుకుంటారు. కత్తి ఎవరి చేతిలో ఉన్నా హంతకుడు ఒక్కడే. ఉంగరం వద్దని రాజు కాళ్ల మీద పడి ఏడ్చిన మనిషి ఇలా వెళ్లిపోయాడు.

ఆ హత్యలే జగ్గరాయణ్ణి ఓడించాయి. అంతవరకు తటస్థంగా ఉన్న నాయకులు అసహ్యించుకుని యాచముడి వైపు చేరారు. యాచముడు రామదేవుణ్ణి తీసుకుని దక్షిణానికి కదిలి తంజావూరు రఘునాథ నాయకుడి అండ సంపాదించాడు. మదురై నాయకుడు, జింజి నాయకుడు జగ్గరాయడితో కలిశారు. తిరుచిరాపల్లి దగ్గరి తోపూరులో యుద్ధం జరిగింది. జగ్గరాయడు చనిపోయాడు, బాయమ్మ కొడుకు పట్టుబడ్డాడు, 1617లో రామదేవుడికి పట్టం కట్టారు. రఘునాథుడి ఆస్థానంలోని రామభద్రాంబ, యజ్ఞనారాయణ దీక్షితులు ఈ విజయాన్ని సంస్కృత కావ్యాల్లో ఎత్తి పాడారు. సహజంగానే వాటిలో ఘనతంతా రఘునాథుడిది. వెలుగోటివారి వంశావళి తీసి చూస్తే యాచముడు వీరుడు. గెలిచిన పక్షంలోనే ఇద్దరు కథానాయకులు ఉన్నారన్నమాట.

గెలుపుతో చిక్కు తీరలేదు. జగ్గరాయడి తమ్ముడు యతిరాజు గొబ్బూరి పక్షాన్ని ముందుండి నడిపిస్తూ పోరు కొనసాగించాడు. ఏళ్ల తరబడి సాగిన ఆ పోరును ఆపడానికి రామదేవరాయలు ఎంచుకున్న మార్గం పెళ్లి. యతిరాజు కూతుర్ని చేసుకున్నాడు. తన తల్లిదండ్రుల చావుకు కారణమైన ఇంటికే అల్లుడయ్యాడు. రాజుగా ఆలోచిస్తే తప్పులేదు, రాజ్యానికి శాంతి కావాలి. కానీ మూటలో దాచి తనను బతికించిన యాచముడికి అది ఎలా ఉండి ఉంటుంది? పులికాట్ రేవు విషయంలో ఇద్దరికీ చెడింది. డచ్చివారి వర్తకంతో ఆదాయం తెచ్చే ఆ రేవు చివరికి యతిరాజుకు దక్కింది. వేలూరులో రాజును బలిగొన్న లెక్కే ఇక్కడా పనిచేసింది: అత్తింటి సైన్యం పక్కనుంటే రాజుకు బలం, ఎదురుంటే గండం. ప్రాణదాత రుణం ఆ లెక్కలో చివరికి పోయింది.

రామదేవుడికీ కొడుకులు లేరు. 1632లో చనిపోతూ దాయాది పెదవేంకటరాయలను వారసుడిగా ప్రకటించాడు. వెంటనే పినతండ్రి తిమ్మరాజు వేలూరు కోటను పట్టుకుని కూర్చున్నాడు. అతణ్ణి వదిలించుకోవడానికి మూడేళ్ల యుద్ధం పట్టింది. ఆ యుద్ధంలో పెదవేంకటుడి కోసం ముందుండి పోరాడినవాడు అతని సోదరుడి కొడుకు, ఇంకో శ్రీరంగుడు. కొన్నేళ్లకు అతనే బిజాపూరు సుల్తానుతో చేతులు కలిపి పెదవేంకటుడి మీదికి దండెత్తి వచ్చాడు.